అడవి అంచు పెరట్లో కుందేలు: కాపాడుకునే చిట్కాలు

ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో చాలా ఊళ్లకు పెరటి దడి దాటితే అడవే. అశ్వారావుపేట వైపు వెళ్లినా, గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లినా అంతే. ఈ ఊళ్లలో పిల్లల ముచ్చట తీర్చడానికి కుందేళ్ల జత తెచ్చుకున్నవాళ్లు మొదట అడిగేది, "చిరుత వస్తే ఎట్లా?" అని. రావచ్చు. పాల్వంచ పక్కనున్న కిన్నెరసాని అభయారణ్యంలో చిరుతలున్నాయి. అయినా పెరటి కుందేలు ప్రాణం తీసేవాటిని వరసగా రాస్తే చిరుత పేరు ఎక్కడో అడుగున వస్తుంది. మొదటి పేరు మే నెల ఎండది, రెండోది ఊరకుక్కది. ఆ తర్వాతే బావురుపిల్లి, ముంగిస, పాము, పందికొక్కు. అందుకే ఈ చిట్కాల్లో సగం అడవి గురించి కాదు, మన పెరటి గురించే.

ఇంకో సంగతి. మనం పెంచే తెల్ల కుందేలు ఈ నేలది కాదు. దాని పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాల్లో బొరియలు తవ్వుకుని బతికిన జాతి. దక్షిణాదిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ కుందేళ్ల మీద పరిశోధన చేస్తున్నది కూడా కొడైకెనాల్ కొండల మీద, చల్లటి మన్నవనూరులో. అట్లాంటి జీవిని తెచ్చి కొత్తగూడెం ఎండలో పెట్టుకుంటున్నాం. ఆ బాధ్యత ఎంతటిదో తెలిశాకే గుంజలు పాతండి.

1. చీకటి పడేలోగా కుందేలు ఇంట్లోకో, గట్టి తలుపున్న కొట్టంలోకో రావాలి. మిగతా చిట్కాలన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి పాటిస్తే సగం గండాలు తప్పుతాయి. బావురుపిల్లి, నక్క, గుడ్లగూబ, కొండచిలువ ఎక్కువగా తిరిగేది పొద్దుగూకాకే. జాలి ఎంత గట్టిదైనా దాని బయట రాత్రంతా ఒక జంతువు చుట్టూ తిరుగుతూ ఉంటే లోపలి కుందేలుకు నిద్ర ఉండదు, మేత దిగదు.

2. గూడు వేరు, దొడ్డి వేరు అనుకుని కట్టండి. గూడు అంటే మూడు వైపులా చెక్క మూసి, ఒకవైపు జాలి ఉన్న పెట్టె. దాక్కోవడానికి, పడుకోవడానికి. దొడ్డి అంటే పగటిపూట గెంతడానికి జాలి కట్టిన జాగా. ఒక జతకు దొడ్డి 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉంటే మంచిది. ఎత్తు 3 అడుగులు ఉంటే వెనక కాళ్ల మీద నిలబడి చుట్టూ చూసుకోగలవు. ఆ చూపు వాటికి అవసరం, లేకపోతే బెదురు పోదు. కోళ్ల గంప కింద మూసి పెట్టి "పెంచుతున్నాం" అనేవాళ్లున్నారు. అది పెంపకం కిందికి రాదు.

3. డబ్బు ఖర్చు పెట్టాల్సింది జాలి మీద. హార్డ్‌వేర్ షాపులో కుందేళ్లకని అడగగానే చేతిలో పెట్టేది కోళ్ల జాలి, ఆరు మూలల కన్నులున్న పల్చటి తీగది. కోడిపిల్లలు బయటికి పోకుండా ఆపడానికి అది చాలు. కుక్క పళ్లతో పట్టి గుంజితే చీర చిరిగినట్టు చిరుగుతుంది. కుందేలు కూడా కొరికి తెంపగలదు. అడగాల్సింది వెల్డ్ మెష్. కన్ను అర అంగుళం గానీ, అర అంగుళం వెడల్పు ఒక అంగుళం పొడవు గానీ ఉండాలి. గేజి అంకె తగ్గినకొద్దీ తీగ మందం పెరుగుతుంది. 14 లేదా 16 గేజి తీసుకోండి, 20 అంటే వద్దనండి.

కన్ను ఎందుకంత చిన్నదంటే, రెండంగుళాల కన్నులోంచి ముంగిస తల దూరుతుంది. తల దూరిందంటే ఒళ్లంతా దూరినట్టే. పందికొక్కు పిల్లలు, సన్నటి పాములు సరేసరి. ఇంకో కారణం ఎవరూ చెప్పరు. పెద్ద కన్నుల జాలికి ఆనుకుని పడుకున్న కుందేలు చెవిని, కాలిని బయటినుంచి పిల్లి పంజాతో లాగుతుంది. లోపలికి రాకుండానే చంపగలదు.

జాలిని గుంజలకు బయటి వైపు నుంచి బిగించాలి. లోపలి నుంచి మేకులు కొడితే కుక్క ఒత్తిడికి మేకులు ఊడి వస్తాయి. యూ మేకులు జానెడు దూరంలో కాదు, బెత్తెడు దూరంలో కొట్టండి.

4. వెదురు తడకను నమ్ముకోవద్దు. మన ఏజెన్సీలో కోయలు, కొండరెడ్లు అల్లే వెదురు తడకల పనితనం గొప్పది. నీడకు, వడగాలి ఆపడానికి వాటిని మించినవి లేవు. కంచెగా మాత్రం పనికిరావు. కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అది ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటుంది. తడకను జాలికి బయటివైపు కట్టుకోండి.

5. నేల కింది దారి మూసేయండి. పైన ఎంత కట్టినా కింద వదిలేస్తే కుందేలు లోపల్నుంచి తవ్వుతుంది, కుక్క బయట్నుంచి తవ్వుతుంది, ఇద్దరూ మధ్యలో కలుసుకుంటారు. జాలిని నేలలోకి ఒకటిన్నర నుంచి 2 అడుగులు దించి, అడుగుభాగాన్ని బయటివైపు మడవాలి. తవ్వడం కష్టమైతే నేల మీదే బయటివైపు 2 అడుగుల వెడల్పున జాలి పరిచి, పైన రాళ్లు పేర్చి, మట్టి కప్పండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, రెండడుగులు వెనక్కి జరిగి మొదలుపెట్టాలన్న ఆలోచన దానికి రాదు.

ఎర్ర చెలక నేలల్లో తవ్వకం సులువు కాబట్టి ఈ పని తప్పనిసరి. నల్లరేగడి అయితే ఇంకో చిక్కు. ఎండాకాలం నెర్రెలు బారి జాలి కింద సందులు తెరుచుకుంటాయి. ఏప్రిల్‌లో ఒకసారి చుట్టూ తిరిగి చూసి, మొరం పోసి దిమ్మిస కొట్టించండి.

6. దొడ్డికి పైకప్పు లేకపోతే దొడ్డే లేనట్టు. గద్ద పగలే వస్తుంది. పిల్లి ఆరడుగుల కంచెను ఒక్క దూకులో ఎక్కుతుంది. పైన కూడా జాలి వేసి, దాని మీద నీడ వేయాలి. నీడ కోసం రేకులు వేసే అలవాటు మనకు ఎక్కువ. రేకు కింద మధ్యాహ్నం కుందేలు ఉడికిపోతుంది. రేకే వేయాల్సి వస్తే దానికి జానెడు పైన తాటాకు పందిరి వేయండి, రెంటి మధ్య గాలి ఆడాలి.

7. కోతికి గడియ తీయడం వచ్చు. భద్రాచలం, ఖమ్మం వైపు ఇళ్లలో వంటగది కిటికీకి కూడా జాలి కొట్టించుకుంటున్నాం కదా, కుందేలు గూటికి కొక్కెం ఒక్కటి పెడితే ఎట్లా ఆగుతుంది? కోతికి కుందేలు మాంసం అక్కర్లేదు. లోపలి క్యారెట్ ముక్క, దాణా కావాలి. అది తలుపు తీసి వదిలేసి పోతుంది, ఆ తర్వాత పని కుక్క చూసుకుంటుంది. కాబట్టి పైన ఒకటి, కింద ఒకటి గడియలు పెట్టి, ఒకదానికి చిన్న తాళం వేయండి. తాళం రెండుకాళ్ల దొంగలకు కూడా పనికొస్తుంది, కుందేలు కూర ఇష్టపడేవాళ్లు ఊళ్లో లేరనుకోకండి.

8. ఎండ గురించి తీరికగా చదవండి.

కుందేలుకు హాయిగా ఉండేది 15 నుంచి 25 డిగ్రీల మధ్య. 30 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 35 దాటితే ప్రాణం మీదికి రావచ్చు. మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. దానికి మనలా చెమట పట్టదు, కుక్కలా నాలుక చాపి వగర్చి వేడి తగ్గించుకోలేదు. ఉన్నదల్లా ఆ పెద్ద చెవులే. చెవుల్లోని రక్తనాళాల గుండా వేడి బయటికి పోవాలి. చుట్టూ గాలే ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు ఆ చెవులు మాత్రం ఏం చేస్తాయి?

మార్చి చివరి నుంచి జూన్‌లో వానలు పడే దాకా పొద్దున 9 దాటితే కుందేలును దొడ్డిలో ఉంచొద్దు. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం వేడి తగ్గాక మసక చీకటి పడేలోపు ఒకసారి వదలండి. నడిమధ్యాహ్నం ఇంట్లో బండల మీద, ఫ్యాను గాలి తగిలీ తగలనట్టు ఉండే మూల ఇవ్వండి. బయటే ఉంచక తప్పకపోతే గూడు వేప చెట్టు కిందో, చింతచెట్టు కిందో ఉండాలి. పొద్దుటి నీడ చూసి చోటు ఎంచుకుని మోసపోవద్దు, మధ్యాహ్నం 3 గంటలకు పడమటి ఎండ ఎక్కడ పడుతుందో చూసి నిర్ణయించండి.

పడమర, దక్షిణం వైపుల తడిపిన గోనె పట్టాలు వేలాడదీయండి. గంటకోసారి తడపాలి. అయితే నాలుగు వైపులా మూసేస్తే లోపల ఉక్కపోస్తుంది. వేడికి ఉక్క తోడైతే ఉత్త వేడికంటే చెడ్డది. ఒక వైపు పూర్తిగా తెరిచి గాలికి దారి ఇవ్వండి. గోదావరి ఒడ్డు ఊళ్లకు ఈ మాట మరీ ముఖ్యం.

లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, పాత గుడ్డ చుట్టి గూట్లో పడుకోబెడితే కుందేలు వచ్చి దాన్ని ఆనుకుని పడుకుంటుంది. కరెంటు పోయినప్పుడు కూడా పనికొచ్చే ఉపాయం. రెండు సీసాలు పెట్టుకుంటే ఒకటి గూట్లో ఉండగా ఇంకోటి ఫ్రిజ్‌లో ఉంటుంది. మిగిలిన షాబాదు బండ ముక్క ఒకటి తడిపి నీడలో వేసినా సంతోషమే.

నీళ్లకు మట్టి చిప్ప మేలు. గొట్టం సీసాలో నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి, గొట్టం చివరి గుండు ఒక్కోసారి బిగుసుకుపోతుంది. బరువైన చిప్ప పెడితే బోర్లా పడదు. ఎండాకాలం రోజుకు మూడుసార్లయినా నీళ్లు మార్చాలి.

9. వడదెబ్బ గుర్తులు: ఒళ్లు చాచి పడుకుని లేవకపోవడం, ముక్కుపుటాలు గబగబా ఆడటం, చెవులు ఎర్రబడి కాలడం, మూతి చుట్టూ తడి, తల వాల్చేయడం. వెంటనే నీడకు తెచ్చి మామూలు నీళ్లతో చెవులు, పాదాలు తడపండి, విసనకర్రతో విసరండి. ఐసునీళ్లలో ముంచొద్దు, ఆ తాకిడికే ప్రాణం పోవచ్చు. నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాస్త తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించండి.

10. గోదావరి ఒడ్డువాళ్లు గూటిని నేలకు కట్టేయొద్దు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులై 16న 71.3 అడుగులకు చేరింది. మొదటి హెచ్చరిక 43 అడుగుల దగ్గర, రెండోది 48, మూడోది 53 దగ్గర ఇస్తారు. కుందేళ్లను తరలించాల్సింది మొదటి హెచ్చరికకే. రెండోది వచ్చేసరికి మనుషులు, ధాన్యం, గొడ్లు సర్దుకోవడంతోనే సరిపోతుంది, కుందేలు ఎవరికీ గుర్తుండదు. గూటికి నాలుగు పిడులు పెట్టించుకుంటే ఇద్దరు మోసుకుపోవచ్చు. రెండు పొడుగు వెదుళ్లు దూర్చినా చాలు.

వరద రాని ఊళ్లలో కూడా వానాకాలం గూడు నేలకు రెండడుగుల ఎత్తున ఉండాలి. తడి నేల మీద ఉంచితే కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు వస్తుంది, పిల్లలు పారుకుని చచ్చిపోతాయి. గూటి అడుగుకు జాలి వేసినా అందులో సగం జాగాలో చెక్క గానీ, మందపాటి ఎండుగడ్డి గానీ పరవండి. రోజంతా తీగ మీదే ఉంటే పాదాలు పుళ్లు పడతాయి.

11. పాము కుందేలు కోసం రాకముందు ఎలుక కోసం వస్తుంది. రాలిన దాణా ఎలుకను పిలుస్తుంది, ఎలుక నాగుపామును పిలుస్తుంది. కాబట్టి సాయంత్రం కుందేలు తినగా మిగిలిన దాణా తీసేయండి, బస్తా మూతి కట్టి డబ్బాలో పెట్టండి. దొడ్డి చుట్టూ నాలుగడుగుల మేర గడ్డి, రాళ్ల కుప్పలు, కట్టెల మోపులు లేకుండా చూసుకోండి. వెల్లుల్లి రసం, గంధకం చల్లితే పాములు రావన్న మాట మీద ఆధారపడొద్దు. పొద్దున గూడు తెరిచే ముందు టార్చి వేసి చూడండి. చేయి పెట్టేది మీరు కదా. రక్తపింజర, కట్లపాము ఉన్న నేల ఇది.

కొండచిలువ కనిపిస్తే కొట్టి చంపడం చట్టరీత్యా నేరం. అటవీశాఖ సిబ్బందికి కబురు చేయండి. ఎలుకల మందు మాత్రం గూటి దగ్గర వద్దు, పాకెట్లను ఎలుక ఎటు లాక్కుపోతుందో మన చేతిలో లేదు.

12. కుక్క ముట్టుకోకుండానే కుందేలు చనిపోవచ్చు. జాలి బయట కుక్కలు మొరుగుతూ గెంతుతుంటే లోపలి కుందేలు పిచ్చిగా పరిగెత్తి, వెనక కాళ్లు బలంగా తన్ని తన వెన్నెముక తానే విరగ్గొట్టుకుంటుంది. భయానికి గుండె ఆగిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే దొడ్డి చుట్టూ నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు తడక గానీ గ్రీన్ నెట్ గానీ కట్టి చూపు ఆపండి. లోపల ఒక మూల రెండువైపులా తెరిచిన పెట్టె పెట్టండి. ఒకవైపే తెరిస్తే అది దానికి బోనులా అనిపిస్తుంది. ఎత్తేటప్పుడు చెవులు పట్టి లేపే అలవాటు మానండి. ఒక చేయి ఛాతీ కింద, ఇంకో చేయి పిరుదుల కింద.

మీ ఇంటి కుక్క మంచిదే కావచ్చు. కుందేలు పరిగెత్తడం మొదలుపెట్టాక దాని మంచితనం మీద పందెం కట్టొద్దు.

13. దొడ్డికి కరెంటు తీగ చుట్టొద్దు. అడవి పందుల కోసం చేలకు పెట్టిన తీగలకు మనుషులు, పశువులు బలైన వార్తలు మన జిల్లాల్లో చదువుతూనే ఉన్నాం. అది నేరం కూడా.

14. మార్చి, ఏప్రిల్ నెలల్లో నిప్పు జాగ్రత్త. ఇప్పపూలు ఏరడానికి చెట్ల కింద ఆకులు తగలబెడతారు, తునికాకు చిగుళ్ల కోసం పొదలు కాలుస్తారు. గాలికి నిప్పురవ్వ తాటాకు పందిరి మీదికి రావడానికి ఎంతసేపు? దొడ్డి చుట్టూ పది అడుగుల మేర ఎండాకులు ఊడ్చేసి నేల శుభ్రంగా ఉంచండి. వరిగడ్డి వామి పక్కన గూడు పెట్టొద్దు.

15. మేతలో ప్రమాదాలు. నా దృష్టిలో అడవి జంతువులకంటే ఎక్కువ పట్టించుకోవాల్సింది దీన్నే.

కుందేలు తిండిలో ఎక్కువ భాగం గడ్డే. గరిక ఎంత పెట్టినా మంచిదే. దశరథ గడ్డి, మునగాకు, మల్బరీ ఆకు, లేత వెదురాకు, కొత్తిమీర, పుదీనా పెట్టొచ్చు. పళ్లు అరగడానికి జామ కొమ్మలు వేయండి. క్యారెట్ సినిమాల్లో కుందేలుకు అన్నం, నిజంగా మాత్రం మిఠాయి. రెండు ముక్కలు చాలు. అన్నం, రొట్టె, బిస్కెట్లు అసలే వద్దు.

అయితే ఆ గరిక ఎక్కడ కోశారన్నది ప్రశ్న. ఖమ్మం అంటే పత్తి, మిర్చి. ఆ చేల గట్ల మీద గడ్డి పచ్చగా, ఏపుగా ఉంటుంది, దాని మీద పురుగుమందు కూడా అంతే ఏపుగా ఉంటుంది. మిర్చికి మందు కొట్టని వారం ఉండదు. ఆ గట్టు గడ్డి కోసుకొచ్చి కడిగి పెట్టినా లాభం లేదు, గడ్డి లోపలికి ఇంకే మందులున్నాయి, కడిగితే పోవు. మందు కొట్టని పెరటి గడ్డి, లేదంటే మీరే ఒక మడిలో పెంచిన గడ్డి వాడండి. పొలం నుంచి మందు పంపుతో వచ్చినవారు చేతులు కడిగి, బట్టలు మార్చుకునే దాకా గూటి దగ్గరికి రావొద్దు.

సుబాబుల్ సంగతి. సారపాక పేపర్ మిల్లు పుణ్యమా అని మన వైపు సుబాబుల్, జామాయిల్ తోటలు ఎటు చూసినా ఉన్నాయి. మేకలు సుబాబుల్ ఆకు మేస్తాయి కాబట్టి కుందేలుకూ వేస్తారు. అందులో మైమోసిన్ అనే పదార్థం ఉంది. ఎక్కువ తింటే బొచ్చు ఊడిపోతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. ఎప్పుడైనా ఒక రెమ్మ అయితే సరే, రోజువారీ మేతగా వద్దు. జామాయిల్ ఆకు అసలే వద్దు. వానలు వెనకబట్టి వాడిన లేత జొన్న పైరు గొడ్లకు ప్రమాదమని రైతులకు తెలిసిందే, కుందేలుకూ అదే విషం.

గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం, అడవి ఆముదం, లాంటానా, వయ్యారిభామ, టమాటా ఆకు, ఉల్లి, వెల్లుల్లి ఇవేవీ దొడ్డి లోపల గానీ, జాలికి మూతి ఆనేంత దూరంలో గానీ ఉండొద్దు. ఎర్రగన్నేరు అందానికి కంచె వెంట నాటుకునేవాళ్లు కుందేలునో, గన్నేరునో ఎంచుకోవాలి.

16. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న వద్దు. బూజులోని అఫ్లాటాక్సిన్‌కు కుందేలు కాలేయం తట్టుకోలేదు. వానాకాలంలో దాణా పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొనండి.

17. తోక కింద చూడండి. వానాకాలంలో రోజుకు రెండుసార్లు కుందేలును వెల్లకిలా కాకుండా ఒళ్లో కూర్చోబెట్టుకుని వెనక భాగం పరిశీలించాలి. అక్కడ తడి, పెంట అంటుకుని ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి. ఒక్క రోజులో అవి పురుగులై కండలోకి దిగుతాయి. పురుగులు కనిపిస్తే ఇంట్లో వైద్యం కుదరదు, ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి. గూట్లో పెంట రోజూ తీసేయడం, తడిసిన గడ్డి మార్చడమే దీనికి అసలు మందు.

చెవి లోపల గోధుమరంగు పొక్కు కట్టి, కుందేలు తల విదిలిస్తుంటే గజ్జి. దానికి డాక్టరు తూకం చూసి ఇచ్చే సూది ఉంది. కుక్కలకు, పిల్లులకు మెడ మీద వేసే కొన్ని పిడుదుల మందుల్లో ఫిప్రోనిల్ ఉంటుంది. అది కుందేలుకు వేస్తే ఫిట్స్ వచ్చి చచ్చిపోవచ్చు. అమాక్సిసిలిన్ లాంటి మాత్రలు నోటితో ఇస్తే పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి కుందేలూ చస్తుంది. మెడికల్ షాపువాడు మంచివాడే గానీ, అతనికి తెలిసింది మనుషుల మందులు.

18. దోమలకు వేపాకు పొగ గొడ్లకు వేసినట్టు కుందేలుకు వేయొద్దు. అది ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది, ముక్కు మూసుకుపోతే నోటితో తీసుకోవడం దానికి చేతకాదు. మస్కిటో కాయిల్ కూడా అంతే. గూటికి దోమతెర కట్టండి.

19. పేలుళ్ల శబ్దం. సత్తుపల్లి, మణుగూరు, కొత్తగూడెం సింగరేణి ఓపెన్‌కాస్టుల దగ్గరున్న ఊళ్లకు బ్లాస్టింగ్ ఏ వేళ ఉంటుందో తెలుసు. ఆ వేళకు కుందేలు దొడ్డిలో కాకుండా గూట్లో, పైన మందపాటి గుడ్డ కప్పి ఉండాలి. దీపావళికి, పెళ్లి ఊరేగింపు డీజేకు కూడా ఇదే.

20. ఆడ, మగ జతగా తెచ్చుకుంటే ఐదారు నెలలకే పిల్లలు. సుమారు 30 రోజులకు ఒక ఈత. వద్దనుకుంటే మొదట్నుంచే వేరు చేయండి. రెండు మగవి ఒకచోట ఉంటే రక్తాలు కారేలా కొట్టుకుంటాయి. ఈనిన గూట్లో ఎలుకకంటే ముందు వచ్చేది చీమ. ఒంటిమీద బొచ్చు లేని పిల్లలను కండచీమలు ఒక్క రాత్రిలో తినేస్తాయి. గూటి కాళ్లను నీళ్లు పోసిన చిప్పల్లో పెట్టి, నీటి మీద నూనె చుక్క వేయండి. వారానికోసారి నీళ్లు మార్చకపోతే అందులోనే దోమలు పుడతాయి.

21. పొలంలో దొరికిన చెవులపిల్లి (అడవి కుందేలు) కూనను తెచ్చి వీటిలో కలపొద్దు. అది వేరే జాతి, పెంపుడు కుందేలుతో జతకట్టదు. బోనులో బతకడం కూడా అరుదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. పైగా దాని ఒంటిమీది పిడుదులు, గజ్జి పురుగులు మీ కుందేళ్లకు అంటుకుంటాయి. గడ్డిలో ఒంటరిగా కనిపించిన కూన అనాథ కాదు. తల్లి పగలు దూరంగా ఉండి పొద్దుగూకాక వచ్చి పాలిస్తుంది. ముట్టుకోకుండా వదిలేయండి.

22. డాక్టరును జబ్బు రాకముందే వెతుక్కోండి. పశువుల ఆస్పత్రి ప్రతి మండలంలో ఉన్నా, అక్కడ రోజూ చూసేది ఆవులు, గేదెలు, మేకలు. కుందేలును చూసిన అనుభవం అందరికీ ఉండదు. ఊరి పశువైద్యుణ్ని మంచి రోజుల్లోనే కలిసి, "కుందేలుకు ఏదైనా అయితే మీరు చూస్తారా, లేకపోతే ఎవరి దగ్గరికి పోవాలి?" అని అడిగి ఫోన్ నంబరు రాసుకోండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య వాహనం ప్రధానంగా పాడి పశువుల కోసం. అయినా అడగడంలో తప్పులేదు. పెద్ద చికిత్స అవసరమైతే ఖమ్మం, లేదంటే వరంగల్ దగ్గరి మామునూరు పశువైద్య కళాశాల వైపు చూడాలి.

భద్రాచలం నుంచి ఖమ్మం 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఎండాకాలం ఆ ప్రయాణం తెల్లవారుజామున పెట్టుకోండి. గాలాడే బుట్టలో ఎండుగడ్డి పరిచి, గుడ్డ చుట్టిన చల్లటి సీసా పక్కన పెట్టి, మీద పల్చటి తడిగుడ్డ కప్పి తీసుకెళ్లండి. ఆర్టీసీ బస్సులో అయితే ఇంజిను పక్క సీటు వద్దు. ఒక పూటంతా మేత ముట్టకపోయినా, పెంటికలు పడకపోయినా రేపటిదాకా చూద్దామనుకోవద్దు. కుందేలు పేగు కదలిక ఆగిందంటే గంటల లెక్కే. బయల్దేరే ముందు డాక్టరుకు ఫోన్ చేసి, చివరిసారి ఎప్పుడు తిన్నదో, ఏం తిన్నదో, పెంటిక ఎప్పుడు వేసిందో చెప్పండి. వీలైతే ఆ రోజు వేసిన మేతలోంచి గుప్పెడు కవరులో కట్టుకుని వెంట తీసుకెళ్లండి.